స్టీరింగ్ కింద ముప్పై ఒకటి

మార్ల్ లేక్, మిషిగన్
14 నవంబరు 1970

అన్నయ్యా,

నీ ఉత్తరం మొన్న అందింది. నవంబరులో కూడా అరిజోనాలో పొట్టి చేతుల చొక్కాతో తిరుగుతున్నానని రెండుసార్లు రాశావు, ఒకసారి రాస్తే మేం కుళ్ళుకోమన్నట్టు. ఇక్కడ వాకిట్లో మంచు ఎత్తిపోసీ ఎత్తిపోసీ మా ఆయన వర్జిల్‌కి నడుం పట్టేసింది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "ఆ ఎండకి బుర్ర ఎండిపోకుండా చూసుకోమని రాయి మీ అన్నకి" అన్నాడు. రాశాను.

ఇక నా సంగతి. ఏడేళ్ళుగా కార్ల సీట్లు కుట్టే గదిలో ఉన్నాను కదా, పోయిన నెలలో లైను చివరికి మారాను. తనిఖీ పని. ఇప్పటిదాకా ఆడమనిషి చెయ్యలేదట. సీనియారిటీ ప్రకారం వంతు నాదే అయినా యూనియన్ ఆఫీసులో అందరూ నీళ్ళు నమిలారు. నేను రోజూ వెళ్ళి ఆ బల్ల ముందు నిలబడ్డాను. చివరికి నా మొహం చూడలేక ఇచ్చారు. పని ఏమిటో రాస్తే నీకు ఆవులింతలొస్తాయి, వచ్చినప్పుడు చెబుతాను.

ఇంకో సంగతి. గ్రిజ్లీ కొన్నాను. మేం తయారుచేసే కారే, ఎలుగుబంటి పేరు పెట్టినది, పెద్ద ఇంజనుది, ముదురు నారింజ రంగు. లైను మీద వస్తుంటే నేనే చూసి పంపాను. ఎవరూ కొనడంలేదు వాటిని. వేలు పెట్టి ఇంత ఇంజను ఎందుకని పెద్దవాళ్ళు, బీమా కట్టలేక కుర్రాళ్ళు వదిలేస్తున్నారు. ఫ్యాక్టరీ వెనక మైదానంలో వందల కొద్దీ బండ్లు మంచు కప్పుకుని నిలబడి ఉన్నాయి. రోజూ వాటి పక్కనుంచి నడిచి వెళ్తుంటే నాకు కోపం వచ్చింది. మేం అంత చెత్త చెయ్యలేదు.

వదినకి నా ముద్దులు. ఈసారి వేసవికైనా రండి.

మంచులో నుంచి,
నీ చెల్లెలు ఆర్డిత్

&nbsp;

మేసా, అరిజోనా
2 ఫిబ్రవరి 1974

చెల్లీ,

నీ ఎలుగుబంటి ఇంకా బతికే ఉందా? ఈ పెట్రోలు కరువుకి ఇక్కడ బంకు దగ్గర లైను మూడు వీధులు తిరిగింది. మొన్న ఒకడు నీలాంటి కండకావరపు కారులోనే వచ్చాడు. లైనులో నిలబడి ఉండగానే ఉన్న పెట్రోలు కాస్తా తాగేసింది. దిగి తోసుకుంటూ బంకు దాకా వెళ్ళాడు పాపం. అందరం చప్పట్లు కొట్టాం.

నా కొట్టులో వాడిన కార్లు అమ్ముకు బతికేవాణ్ణి, నా మాట విను. గ్రిజ్లీని ఎవడైనా తెచ్చి ఇస్తానంటే నేను గేటు తియ్యడంలేదు. ఎంతొస్తే అంతకి వదిలించుకో. చిన్న జపాను కారు కొనుక్కో, అగ్గిపెట్టెలా ఉంటుంది కానీ అడిగినంత దూరం పోతుంది. ఇంజను కింద డబ్బు తగలేసే రోజులు పోయాయి. ఆ బండ్లు ఇక ఎవరికీ అక్కర్లేదు, రాసిపెట్టుకో.

మీ వదిన జోనీ నిన్ను అడిగినట్టు చెప్పమంది. ఈ వేసవికి కూడా కుదిరేట్టు లేదు.

లోకం తీరు తెలిసిన మీ అన్న,
లొవెల్

&nbsp;

మార్ల్ లేక్
20 మార్చి 1974

లోకం తీరు తెలిసిన అన్నయ్యా,

రాసిపెట్టుకోమన్నావు, రాసిపెట్టుకున్నాను. వంటింటి క్యాలెండరు మీద, తేదీతో సహా.

శుక్రవారం ఆఖరి గ్రిజ్లీ లైను దిగింది. కేకు లేదు, ఫోటో లేదు. సోమవారం నుంచి మేం లారీలకు మారాం. తలుపులు బిగించే ఓపల్ నా స్నేహితురాలు, దాని గురించి ఇంతకుముందు రాశాను. అది ఆఖరి బండి తలుపు వేసి, దాని మీద చెయ్యి కాసేపు ఉంచింది. ఫోర్‌మన్ స్ట్రూథర్స్ "ఏంటమ్మా, చావింట్లో ఉన్నట్టు? కానివ్వండి, కానివ్వండి" అన్నాడు. ఓపల్ అతన్ని చూసిన చూపు నువ్వు చూసుంటే ఆ రోజంతా నవ్వేవాడివి.

నా బండిని నేను అమ్మను. పక్కింటివాళ్ళు నవ్వుతున్నారు, చర్చికి వెళ్తే పాస్టరుగారు కూడా "ఇంకా దీన్ని తోలుతున్నావా తల్లీ, అంత పాపం ఏం చేశావు?" అని నవ్వారు. గాలన్‌కి పది మైళ్ళు ఇస్తుంది, అయితే ఏం, నేను ఫ్యాక్టరీకి నాలుగు మైళ్ళు పోవాలి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లిన రోజు నుంచి వసంతంలో వానలు కడిగే దాకా, తుప్పు పట్టకుండా గరాజులో పెడుతున్నాను. మిగతా రోజులు తోలుతున్నాను. నీకు ఇష్టం లేకపోతే చూడకు.

మొండిది అని నువ్వు ఎలాగూ అంటావు కాబట్టి,
మొండి ఆర్డిత్

&nbsp;

మేసా
5 అక్టోబరు 1987

ఆర్డిత్ చెల్లీ,

నవ్వకుండా చదువుతానని మాట ఇస్తేనే చదువు.

గ్రిజ్లీ కొన్నాను. 1972లో చేసినది, ఎడారిలో ఒక పశువుల కాపరి కొట్టంలో పదేళ్ళుగా పడుంది, గడ్డిమోపుల కింద. ఇక్కడి ఎండకి తుప్పు పట్టదు కదా, ఎముకలన్నీ గట్టిగా ఉన్నాయి. ఏడాదిన్నర పట్టింది బాగుచెయ్యడానికి. చివరి మర వరకూ విప్పి, కడిగి, రంగు వేసి మళ్ళీ బిగించాను. పాత కార్ల పోటీకి పట్టుకెళ్తే మొదటి బహుమతి వచ్చింది. తెల్లని చేతి తొడుగులు వేసుకున్న జడ్జీలు గంటన్నర దాని చుట్టూ తిరిగారు, తప్పు దొరకలేదు.

ఊరికి ఒకడు చొప్పున నడివయసు వాళ్ళంతా ఇప్పుడు వీటికోసమే పిచ్చెత్తి తిరుగుతున్నారు. అప్పుడు కొనలేకపోయిన కుర్రాళ్ళే వీళ్ళు, ఇప్పుడు పొట్టలొచ్చాయి, డబ్బులొచ్చాయి. కొత్తప్పుడు పెట్టిన ధరకి పదింతలు పెడతామంటున్నారు. మేం సంఘం కూడా పెట్టుకున్నాం. అధ్యక్షుడు ఎవరనుకున్నావు?

క్యాలెండరు కాయితం ఇంకా ఉంటే చించెయ్యి.

తల గుడ్డతో కప్పుకున్న మీ అన్న,
లొవెల్

&nbsp;

మార్ల్ లేక్
19 అక్టోబరు 1987

అధ్యక్షులవారికి,

చించను. గాజు పలక వేయించి గోడకు తగిలిస్తాను. వర్జిల్ ఇప్పటికి మూడుసార్లు చదివించుకున్నాడు నీ ఉత్తరం, చదివినప్పుడల్లా దగ్గొచ్చేదాకా నవ్వుతున్నాడు.

సంతోషంగా ఉందన్నయ్యా. నిజంగానే. మాకు ఇక్కడ రెండు ఆకలి చలికాలాలు వెళ్ళాయి, ఫ్యాక్టరీలో సగం మందిని ఇంటికి పంపారు. అప్పుడు కూడా అమ్మలేదు దాన్ని. ఇప్పుడెవరో దాని మీద చెయ్యి వేసి మెచ్చుకుంటున్నారంటే నన్నే మెచ్చుకున్నట్టు ఉంది.

గరాజులో ఒక రకూన్, పెద్ద పిల్లంత అడవి జంతువు, కాపురం పెట్టింది. మీ పోటీకి జడ్జీ తక్కువైతే చెప్పు, దానికి కూడా తెల్లని చేతి తొడుగులున్నాయి.

ఆర్డిత్

&nbsp;

మేసా
6 మే 1991

చెల్లీ,

దీంతోపాటు పుస్తకం పంపుతున్నాను. "గ్రిజ్లీ: అసలుకూ నకలుకూ తేడా" అని పేరు పెట్టాను. నాలుగేళ్ళ కష్టం. ఏ మర ఏ రంగులో ఉండాలి, ఏ గుర్తు ఎక్కడ ఉండాలి, అన్నీ రాశాను. దేశమంతా ఇప్పుడు పోటీల్లో దీన్ని చూసే మార్కులు వేస్తున్నారు. మీ పాత ఫోర్‌మన్ స్ట్రూథర్స్‌ని ఫ్లోరిడాలో వెతికి పట్టుకున్నాను, ఎనభై ఏళ్ళవాడు, ఆరు గంటలు కూర్చుని చెప్పాడు. ముందుమాటలో అతనికి కృతజ్ఞతలు చెప్పాను.

ఇంకో మాట. హేవర్‌క్యాంప్ అని ఒహాయోలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. మొదటి యజమాని చేతిలోనే ఉన్న బండి కావాలట. నీ గురించి చెప్పాను. జూన్‌లో వస్తాడు. వర్జిల్ నడుం సంగతి, మీ ఇంటి పైకప్పు సంగతి నాకు తెలుసు. ఆలోచించుకో. బలవంతమేమీ లేదు.

మీ అన్న,
లొవెల్

&nbsp;

మార్ల్ లేక్
11 జూన్ 1991

అన్నయ్యా,

నీ హేవర్‌క్యాంప్ వచ్చాడు, పోయాడు.

మర్యాదగా మొదలైంది. రెండు గంటలు చూశాడు బండిని. రంగు అసలుదే అన్నాడు, ఇంజను అసలుదే అన్నాడు, అలా అన్నప్పుడల్లా ధర పెంచాడు. నాకు కాఫీ, బ్లూబెర్రీ కేకు పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. అప్పుడు టార్చిలైటు పట్టుకుని డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాడు. అక్కడి నుంచి మాట వచ్చింది, "అమ్మా, ఇక్కడెవడో పసుపు రంగుతో ముప్పై ఒకటి అని రాసి సున్నా చుట్టాడు."

"అవును" అన్నాను.

"దొంగ గుర్తమ్మా ఇది. లొవెల్‌గారి పుస్తకంలో నలభై నాలుగో పేజీలో ఉంది. ఆ ఫ్యాక్టరీలో తనిఖీకి నీలం ముద్ర తప్ప వేరే గుర్తు లేదు. దీనికి పది మార్కులు పోతాయి. ఏం ఫర్వాలేదు, నా దగ్గర థిన్నరుంది, ఒక్క తుడుపు చాలు."

జేబులోంచి గుడ్డ తీశాడు. నేను అతని రెండు కాళ్ళూ పట్టుకుని బయటికి లాగాను. ఒక బూటు ఊడి నా చేతికి వచ్చింది. అది కూడా వీధిలోకి విసిరాను, కేకు ముక్క చుట్టి ఇచ్చాను, పొమ్మన్నాను.

తర్వాత నీ పుస్తకం తీసి ఆ పేజీ చదివాను. "పసుపు మైనపు బలపంతో రాసిన అంకెలు నకిలీవి, ఇటీవల ఎవరో చేర్చినవి." ఆ గుర్తు నాదన్నయ్యా. నా చేత్తో పెట్టింది. పుస్తకంలో స్ట్రూథర్స్ ఉన్నాడు, అతని కుక్క పేరు కూడా ఉంది. నేను లేను.

ఆర్డిత్

&nbsp;

మేసా
24 జూన్ 1991

చెల్లీ,

నీ కోపం చూసి జోనీ, నేనూ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ముందుమాటలో నీ పేరు వెయ్యకపోవడం నా తప్పే. సొంత చెల్లెలు అదే ఫ్యాక్టరీలో పనిచేసిందన్న మాట వెయ్యాల్సింది. రెండో ముద్రణలో తప్పకుండా వేస్తాను.

కానీ ఆ గుర్తు విషయం వేరు. నీ బండి మీద నువ్వు ముచ్చటపడి గీసుకున్నావు, దానికి ఎవరూ తప్పు పట్టరు. కుట్టు గదిలోవాళ్ళు లైను మీద గుర్తులు పెట్టరు కదా, ఫ్యాక్టరీ గుర్తుగా మాత్రం చెల్లదు. స్ట్రూథర్స్ స్పష్టంగా చెప్పాడు, నేను మళ్ళీ ఫోను చేసి అడిగాను కూడా. "నా తనిఖీ లైనులో ఆడమనిషి ముద్ర లేదు. ఒక్కటీ లేదు" అన్నాడు. దస్తావేజుల్లో కూడా అంతే ఉంది. నేను రాసే ముందు చూశాను.

హేవర్‌క్యాంప్‌కి చీలమండ వాచిందట, అయినా ఇంకా కొంటానంటున్నాడు. ఇంటి పైకప్పు గురించి ఆలోచించు. పాత పంతాలు పెట్టుకోకు. 1974లో నేనన్న మాటకి ఇప్పటికీ నా మీద పగ ఉంటే, చెప్పు, కాళ్ళు పట్టుకుంటాను.

లొవెల్

&nbsp;

మార్ల్ లేక్
2 జులై 1991

అన్నయ్యా,

కుట్టు గది అన్నావు. 1970 నవంబరులో రాశాను నీకు, లైను చివరికి మారానని. మంచు గురించి రాసింది చదివి అక్కడితో ఆపేసినట్టున్నావు. పని ఏమిటో వచ్చినప్పుడు చెబుతానన్నాను. ఇరవై ఒక్క వేసవులు పోయాయి, నువ్వు రాలేదు. ఇప్పుడు చెబుతాను, ఆవులింతలొచ్చినా చదువు.

స్టీరింగ్ కడ్డీని డాష్‌బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. అవి వదులైతే మలుపులో చక్రం చేతికి ఊడి వస్తుంది. రెండో షిఫ్టులో వాటిని చూడటం నా పని. కదులుతున్న బండిలోకి వెల్లకిలా దూరడం, పానా పెట్టి నాలుగూ లాగి చూడటం, గుర్తు పెట్టి బయటికి రావడం. అరవై సెకన్లు. రోజుకి నాలుగు వందల బండ్లు. నా భుజం ఇప్పటికీ వాన వచ్చే ముందు నాకు చెబుతుంది.

మొదటి రోజు స్ట్రూథర్స్ దగ్గరకి వెళ్ళి నీలం ముద్ర అడిగాను. ప్రతి తనిఖీ మనిషికీ ఒక నంబరు ముద్ర ఇస్తారు. "ఆడవాళ్ళకి ముద్ర చేయించే పద్ధతి లేదమ్మా. నువ్వు నెలరోజుల్లో పోయేదానివి, దానికి ఇత్తడి దండగ" అన్నాడు. మరి గుర్తు ఎలా పెట్టాలని అడిగితే, "పెట్టకు. బోల్టు చూడు చాలు" అన్నాడు.

గుర్తు లేకపోతే రేపు బోల్టు ఊడినప్పుడు ఎవరు చూశారని అడిగితే ఎవరూ లేరు. బాగా బిగించి ఉంటే చూసినవాళ్ళూ లేరు. దానికి నా మనసు ఒప్పలేదు. ఆ సాయంత్రం ఇనుప సామాను కొట్టులో పసుపు మైనపు బలపాలు డజను కొన్నాను, నా డబ్బుతో. ఫ్యాక్టరీలో బట్టలు పెట్టుకోవడానికి నాకిచ్చిన బీరువా నంబరు ముప్పై ఒకటి. మూడున్నరేళ్ళు ప్రతి బండి మీదా అదే రాసి సున్నా చుట్టాను. స్ట్రూథర్స్ చూశాడు, చూడనట్టు పోయాడు. కాబట్టి అతను నీకు అబద్ధం చెప్పలేదు. ఆడమనిషి ముద్ర లేదు, నిజమే. ముద్ర ఎందుకు లేదో నువ్వు అడగలేదు.

బోల్టులు చూసిన నాకు, బోల్టుల గురించి పుస్తకం రాసి పంపావు. మేనమామకి అమ్మ పుట్టింటి సంగతులు చెప్పడమంటే ఇదే.

సెప్టెంబరులో ఒహాయోలో మీ సంఘం పోటీ ఉందట. నా బండిని తీసుకొస్తున్నాను. గుర్తుతో సహా. ట్రక్కు మీద పెట్టి కాదు, తోలుకుంటూ. మీ జడ్జి నా మొహం చూసి పది మార్కులు కొట్టెయ్యాలి.

ఆర్డిత్

&nbsp;

మేసా
20 ఆగస్టు 1991

ఆర్డిత్,

వద్దమ్మా, రాకు. నేను అక్కడ ఉండను. మెట్ల మీద జారి తుంటి విరిగింది, మొన్ననే ఆపరేషను అయింది. నా బదులు ప్రెంటిస్ అని కుర్రాడు తీర్పు చెబుతాడు. పుస్తకంలో అక్షరం తేడా వచ్చినా ఒప్పుకోడు, నేనే అలా తయారుచేశాను. వందలమంది ముందు నిన్ను మోసగత్తె అంటే నేను మంచంలో పడుకుని ఏం చెయ్యగలను?

నువ్వు చెప్పింది నమ్మకపోవడం కాదు. కానీ నమ్మకంతో పుస్తకం మార్చలేను. నకిలీ ముద్రలు వేసి అమ్మేవాళ్ళు వీధికొకడు తయారయ్యారు. చెల్లెలి కోసం నియమం మార్చాడంటే ఇక నా మాట ఎవరు వింటారు? ఇంకో బండి మీద, నీకు సంబంధం లేని బండి మీద ఆ గుర్తు ఉంటే చూపించు. ఇన్నేళ్ళలో నేను చూసిన మంచి బండ్లలో ఒక్కదాని మీదా లేదు.

లొవెల్

&nbsp;

మార్ల్ లేక్
16 సెప్టెంబరు 1991

అన్నయ్యా,

తుంటి ఎలా ఉంది? వదినకి చెప్పి కింద గదిలోకి మంచం మార్పించు. నువ్వు మెట్లెక్కే మనిషివి, ఊరుకోవు.

వెళ్ళాం. ఓపల్ పక్క సీట్లో కూర్చుంది, వర్జిల్ వెనక. "కందకి లేని దురద కత్తిపీటకెందుకే? ఆ పది మార్కులు పోతే నీ తల ఏమన్నా పోతుందా?" అని దారంతా గొణిగాడు. పోతుందన్నాను.

మైదానం నిండా గ్రిజ్లీలే. ఎలా మెరుస్తున్నాయనుకున్నావు! మేం చేసినవి అలా ఉండేవి కావన్నయ్యా. శుక్రవారం రెండో షిఫ్టు ఆఖర్లో రంగు కారి ఎండిపోయేది, తలుపుకీ ఒంటికీ మధ్య సందులో వేలు పట్టేది. ఓపల్ ఒక తలుపు తీసి వేసి చూసి, "ఇదేంటే, ఇంత మెత్తగా పడుతుంది? ఇది మనది కాదు" అంది. ఆ యజమాని మొహం చూడాలి.

మీ ప్రెంటిస్ మంచి కుర్రాడే. చేతి తొడుగులు వేసుకుని డాష్‌బోర్డు కింద దూరాడు, బయటికి వచ్చాడు. "అమ్మా, నాకు బాధగానే ఉంది, కానీ పది మార్కులు తగ్గించాలి" అన్నాడు. చుట్టూ ఓ ముప్పై మంది. నేనే రాశానని చెప్పాను. మర్యాదగా తల ఊపాడు, పిచ్చివాళ్ళ దగ్గర ఊపినట్టు. వెనక ఎవరో, "అసలు ఆ పనిలో ఆడవాళ్ళు లేరు కదా" అన్నారు.

నాకు ఏడుపు వచ్చింది. నిజం చెబుతున్నాను, ఒంటరిగా ఉంటే ఏడ్చేదాన్నే. అప్పుడు నువ్వు రాసింది గుర్తొచ్చింది, మంచి బండ్లలో ఒక్కదాని మీదా లేదని. మంచి బండ్లన్నీ మీరు కడిగారు. కడగనిది ఎక్కడుంది?

మైదానం చివర తుక్కు అమ్మేవాళ్ళున్నారు. ఒరెగాన్ నుంచి ఒక రైతు తన గ్రిజ్లీని ట్రక్కు మీద వేసుకొచ్చాడు, విప్పి ముక్కలుగా అమ్ముకోవడానికి. పైకప్పు కూలి, సీట్లలో ఎలుకలు పిల్లలు పెట్టి, నేల తుప్పు తినేసిన బండి. తలుపు మీద పలక చూశాను, 1971 ఫిబ్రవరి, మా ఫ్యాక్టరీ. "బాబూ, దీన్ని ఎప్పుడైనా బాగుచేయించారా?" అని అడిగాను. "దీన్నా? మా నాన్న కొన్న రోజు నుంచి కడగను కూడా లేదు" అన్నాడు.

ప్రెంటిస్‌ని పిలిచాను. "ముందు నేను చూడను, నువ్వే చూడు" అన్నాను. తెల్లని చేతి తొడుగులు విప్పి జేబులో పెట్టుకుని, ఆ ఎలుక పెంట మీద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. ఓపల్ నా చెయ్యి పట్టుకుంది, నా వేళ్ళు విరుగుతాయేమో అనిపించింది.

లోపలి నుంచి అన్నాడు, "సున్నాలో ముప్పై ఒకటి. పసుపు."

తర్వాత, "అమ్మా, నాలుగు బోల్టులూ ఇంకా గట్టిగానే ఉన్నాయి" అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. వర్జిల్ ఆ తుక్కుబండి మీద చెయ్యి వేసి, "ఏనుగు చచ్చినా వెయ్యే" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా. ప్రెంటిస్ నా కాయితం మీద కొట్టేసిన పది మార్కులూ మళ్ళీ వేసి, పక్కన సంతకం పెట్టాడు. నీకు తనే రాస్తానన్నాడు.

ఇరవై గాలన్లు తాగించి ఇంటికి వచ్చాం. దారిలో ఎనభై మైళ్ళ వేగం దాటించాను రెండుసార్లు.

నీ చెల్లెలు,
ఆర్డిత్

&nbsp;

మేసా
8 అక్టోబరు 1991

ఆర్డిత్,

ప్రెంటిస్ ఫోటోలు పంపాడు. నీ 1970 ఉత్తరం కూడా పాత పెట్టెలోంచి జోనీ తీసి చేతికి ఇచ్చింది. రెండో పేరాలోనే ఉంది. చదివానో లేదో గుర్తులేదు. చదివే ఉంటాను. చదివి, చెల్లెలు ఏదో చెబుతోందిలే అనుకుని ఉంటాను.

ఇది రాయడానికి మూడు రోజులుగా కూర్చుంటున్నాను. నా బండి సంగతి. ఎడారిలో దొరికినదాన్ని విప్పినప్పుడు స్టీరింగ్ కడ్డీ దగ్గర పసుపు గీతలున్నాయి. దుమ్ము పట్టి, కానీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. సున్నా, లోపల మూడు, ఒకటి. కాపరి కొడుకెవడో గీశాడనుకున్నాను. థిన్నరు తీసుకుని తుడిచేశాను. బాగా రాలేదు, రెండోసారి రుద్దాను. తర్వాత నీలం ముద్ర ఒకటి చేయించి అక్కడ వేశాను, పుస్తకంలో కూడా అదే రాశాను. మొదటి బహుమతి దానికే వచ్చింది. ఒక్కదాని మీదా లేదని ఆగస్టులో నీకు రాసినప్పుడు కూడా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నీ చెయ్యి నా బండిలో ఉంది, నేను రుద్ది పోగొట్టాను. దానిమీద నకిలీ పెట్టి, నిన్ను నకిలీ అన్నాను.

నలభై నాలుగో పేజీ మారుస్తున్నాను. నువ్వెలా చెబితే అలా. ఒక్కటి అడుగుతాను, కాదనకు. కాలు కుదురుకోగానే వసంతంలో బండిని ట్రక్కు మీద వేసుకుని వస్తాను. ఆ నీలం చెరిపేస్తాను. నీ చేత్తో అక్కడ ముప్పై ఒకటి మళ్ళీ రాయి. నీ దగ్గర బలపాలు లేకపోతే నేనే తెస్తాను.

మొహం చెల్లని మీ అన్న,
లొవెల్

&nbsp;

మార్ల్ లేక్
21 అక్టోబరు 1991

అన్నయ్యా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. కూర్చుని మళ్ళీ చదివాను. నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు, అయినా చెప్పావు. అది నాకు చాలా పెద్ద విషయం.

పేజీ ఇలా మార్చు. పసుపు ముప్పై ఒకటి అంటే ఆర్డిత్ కొలింగ్స్ చూసిందని రాయి. దాని కింద ముద్ర ఎందుకు లేదో రాయి, ఇత్తడి దండగ అన్న మాటతో సహా. స్ట్రూథర్స్ కుక్క పేరు తీసెయ్యి, చోటు సరిపోతుంది.

ఇక నువ్వు అడిగింది. రాయను.

నేను రాసింది 1972లో, నాలుగు బోల్టులు లాగి చూశాక, అరవై సెకన్లలో, నా పని అయినందుకు. ఆ తర్వాత నువ్వు ఆ కడ్డీ విప్పావు, నీ బోల్టులు నువ్వు బిగించావు. నేను చూడని బోల్టు మీద నా గుర్తు పెడితే, నలభై నాలుగో పేజీలో నువ్వు రాసిన మాట నా చేత్తో నేనే నిజం చేసినట్టు. ఎంత చెల్లెలినైనా ఆ పని చెయ్యను. నీలం ముద్ర చెరుపు, అక్కడ ఖాళీగా ఉండనివ్వు. అడిగినవాళ్ళకి ఎందుకు ఖాళీగా ఉందో చెప్పు.

వసంతంలో రా. నీ బండిని అక్కడే వదిలేసి రా, ఇద్దరూ విమానంలో రండి. చర్చిలో శుక్రవారం చేపల వేపుడు విందు ఉంటుంది, అందరూ నిన్ను చూడాలంటున్నారు. నేను తోలుతాను, నువ్వు పక్కన కూర్చో, కాలు చాపుకోవడానికి చోటు బోలెడుంది.

వచ్చే లోపల ఆ బహుమతి కాయితం తియ్యి. నీ బండికి పది మార్కులు తగ్గించు. నీ కలంతో, నీ సంతకంతో. ఒక్క మార్కు తక్కువ కొట్టినా ఒప్పుకోను.

ఆర్డిత్ కొలింగ్స్
తనిఖీ, రెండో షిఫ్టు